అన్నీ పెద్దవే పెడితే తేదీ ఎవరికి కనబడుతుంది?

ప్రశ్న: నమస్తే అండి. తిరుపతిలో ఒక డీటీపీ, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా పనిచేస్తున్నాను. కోరల్‌డ్రా, ఫొటోషాప్ బాగానే వచ్చు. కానీ కస్టమర్ పక్కనే కూర్చుని "ఇది కూడా కొంచెం పెద్దది చెయ్యమ్మా" అంటూ ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోతాడు. చివరికి ఫ్లెక్స్ అంతా కిక్కిరిసిపోతుంది. పోయిన నెల చంద్రగిరి వైపు ఒక ఊళ్లో ఉచిత కంటి శిబిరానికి ఆరు బై నాలుగు ఫ్లెక్స్‌లు చేశాం. తేదీ, స్థలం రెండూ అందులో ఉన్నాయి. అయినా "ఎప్పుడు? ఎక్కడ?" అని ఫోన్లు వస్తూనే ఉన్నాయట. నిర్వాహకులు మా ఓనర్ మీద కేకలేశారు, ఓనర్ నా మీద. తప్పు నాదేనా? కస్టమర్‌కు ఎలా చెప్పాలి? ఇక్కడ లాడ్జీలకు, మెస్సులకు తెలుగు, తమిళం, ఇంగ్లిష్ కలిపి బోర్డులు చేయాలి. అవైతే ఇంకా గందరగోళంగా వస్తున్నాయి. హైదరాబాద్ వెళ్లి కోర్సు చేస్తే తప్ప ఇవన్నీ రావా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

తప్పు మీ ఒక్కరిదే కాదు. కస్టమర్ రాసిచ్చిన మ్యాటర్‌ను ఒక్క మాట అడక్కుండా తీసుకుని, ఉన్న చోటులో అంతా సర్దేసి ప్రింటింగ్‌కు పంపడం చాలా షాపుల్లో అలవాటైపోయింది. అయితే దాన్ని మార్చగలిగిన కుర్చీలో కూర్చున్నది మీరే. అందుకే మీ ఉత్తరం చదివి సంతోషించాను. టెన్షన్ పడి వదిలేయకుండా ఎందుకిలా జరిగిందని అడిగారు.

ముందు ఆ ఫోన్ల సంగతి. ఫోన్ చేసినవాళ్లు ఫ్లెక్స్ చూడనివాళ్లు కారు. కంటి శిబిరం జరుగుతోందని వాళ్లకు తెలిసింది, నంబరు కూడా దొరికింది. దొరకనివి తేదీ, స్థలం. అంటే మీ ఫ్లెక్స్ మీద శిబిరం పేరు, ఫోన్ నంబరు పైకి తేలాయి, అసలు కావలసిన రెండు సంగతులు అడుగున పడిపోయాయి. ఏది ముందు కనబడాలి, ఏది తర్వాత, ఏది ఆఖరున అన్న వరుసనే డిజైన్‌లో విజువల్ హైరార్కీ అంటారు. మీ ఫ్లెక్స్‌లో ఆ వరుస లేకపోలేదు. ఎవరూ నిర్ణయించకపోవడం వల్ల దానంతట అదే ఏర్పడింది.

కన్ను ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువవుతుంది. చెయ్యి బారుగా చాపి బొటనవేలి గోరు చూడండి. మన కంటికి ఒకసారికి పూర్తి స్పష్టంగా కనబడేది దాదాపు ఆ గోరు వెడల్పంత మేరే, రెండు డిగ్రీలు. దాని చుట్టూ ఉన్నదంతా మసకే. కన్ను ఒకచోట సెకనులో నాలుగో వంతు సేపు ఆగుతుంది, ఆ మసకలోంచే తర్వాత ఎక్కడికి పోవాలో ఎంచుకుంటుంది, అక్కడికి దూకుతుంది. మసకలో అక్షరాలు చదవలేం కాబట్టి ఆ ఎంపిక ముద్దల్ని బట్టే జరుగుతుంది. ఏ ముద్ద పెద్దది, ఏది చుట్టుపక్కల రంగు కంటే బాగా ముదురుగానో లేతగానో ఉంది, ఏది విడిగా నిలబడింది, ఎక్కడ మనిషి ముఖం ఉంది అన్నవే లెక్క. అన్ని ముద్దలూ ఒకే సైజులో, ఒకే ముదురుతో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు చూపు ఎటో ఒకవైపు పోతుంది, ఈలోగా బస్సు ముందుకు వెళ్లిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆల్‌ఫ్రెడ్ యార్బస్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఒకే చిత్రాన్ని చూపించి వేర్వేరు ప్రశ్నలు అడుగుతూ కళ్ల కదలికలను నమోదు చేశాడు. ఆయన పుస్తకం 1967లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ప్రశ్న మారితే అదే చిత్రం మీద చూపు తిరిగే దారి కూడా మారిపోయింది. మీ ఫ్లెక్స్ ముందు ఆగే మనిషి కూడా ఒక ప్రశ్నతోనే చూస్తాడు. కంటి శిబిరం అని తెలిశాక అతనికి కావలసింది ఎప్పుడు, ఎక్కడ అన్నవే. ముఖ్య అతిథి ఎవరో ఆ క్షణానికి అతనికి అక్కర్లేదు.

అందుకే మౌస్ ముట్టుకోకముందే కస్టమర్‌ని రెండు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరు, ఎంత దూరం నుంచి చదువుతారు? చదివాక వాళ్లు ఏం చేయాలి? మీ శిబిరాన్నే తీసుకుంటే, చదివేది చూపు మందగించిన పెద్దవాళ్లు, వాళ్లను తీసుకొచ్చే పిల్లలు. కొందరు రోడ్డు పక్కన నిలబడి చదువుతారు, కొందరు బస్సు కిటికీలోంచి. చేయాల్సిన పని ఆ రోజు ఆ స్థలానికి రావడం. ఈ జవాబులు వచ్చాయంటే వరుస దానంతట అదే తేలుతుంది. మొదట "ఉచిత కంటి పరీక్షలు". దాని వెనకే "ఆదివారం ఉదయం 9 గంటలకు", స్కూలు పేరు, ఊరి పేరు. మూడో వరుసలో తేవలసిన కాగితాలు, ఫోన్ నంబరు. మిగిలినవన్నీ, అంటే నిర్వాహకుల పేర్లు, అతిథులు, సంస్థ గురించిన వాక్యాలు, నాలుగో వరుస. వారం పేరును తేదీ కంటే ముందు, కొంచెం పెద్దగా పెట్టమంటాను. పల్లెల్లో పనులు చూసుకుని వచ్చేవాళ్లు వారం పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు సైజులు. సైన్‌బోర్డులు చేసేవాళ్లు పాటించే ఒక మోటు లెక్క ఉంది. అక్షరం ఒక అంగుళం ఎత్తుంటే పది అడుగుల నుంచి హాయిగా చదవచ్చు. కంటి డాక్టరు దగ్గర ఆరు మీటర్ల నుంచి చదివించే బోర్డులో 6/6 వరుస అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. ఆ లెక్కన చూస్తే బోర్డుల వాళ్ల అంగుళం, మంచి చూపున్నవాడు కష్టపడి చదవగలిగే సైజుకు ఆరు రెట్లకు కాస్త తక్కువ. అదీ ఇంగ్లిష్ అక్షరాలకు. మన గుణింతాలు, వత్తులు, చూపు తగ్గిన కళ్లు కలుపుకుంటే ఆ దూరాన్ని సగానికి తగ్గించుకోవడం మంచిది.

ఆరు బై నాలుగు ఫ్లెక్స్ అంటే 72 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల ఎత్తు. "ఉచిత" ఒక లైను, "కంటి పరీక్షలు" ఇంకో లైను, అక్షరం ఎత్తు 7 అంగుళాలు. వత్తులకు, లైన్ల మధ్య ఎడానికి కలిపి 20 అంగుళాలు పోతాయి. వారం, సమయం, స్థలం మూడున్నర అంగుళాల అక్షరాలతో రెండు లైన్లు, అవి 12 అంగుళాలు. మూడో వరుస అక్షరాలు అంగుళంముప్పావు. కింద ఫొటోల పట్టీకి ఏడు అంగుళాలు. నాలుగు పక్కలా మార్జిన్ తప్పకుండా వదలండి. చూశారా, ఒక వరుస నుంచి ఇంకో వరుసకు సైజు సగానికి దిగింది. తేడా అంత స్పష్టంగా ఉండాలి. 7 తర్వాత 6, ఆ తర్వాత 5 అని మెట్లు కట్టారనుకోండి, దూరం నుంచి మూడూ ఒకటే సైజులా కనబడతాయి. సైజులు మూడు చాలు, మరీ తప్పకపోతే నాలుగు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. 50 మీటర్ల దూరాన ఫ్లెక్స్ కంటపడిందనుకున్నా దాన్ని దాటిపోవడానికి నాలుగున్నర సెకన్లే పడుతుంది. అందులో మొదటి రెండు వరుసలు అందితే చాలు. మిగతావి ఆగి నిలబడి చదివేవాళ్లకు.

హైరార్కీ అంటే ముఖ్యమైనదాన్ని పెంచడమే అని చాలామంది అనుకుంటారు. మీ కస్టమర్ అనుకుంటున్నది కూడా అదే. కానీ ఫ్లెక్స్ 24 చదరపు అడుగులే, అది పెరగదు. ఒకదానికి చోటు రావాలంటే ఇంకోదాని నుంచి తీసుకోవాలి. అసలు పని తగ్గించడంలోనే ఉంది. డిజైనర్‌కు ధైర్యం కావలసింది కూడా అక్కడే. తేదీని మీరు కొంచెం కూడా పెంచకపోయినా దాని చుట్టూ ఉన్న నాలుగు లైన్లను సన్నబరిచి, రంగు తగ్గించి, కాస్త దూరం జరిపితే తేదీ దానంతట అదే ముందుకొస్తుంది. విడిగా ఉన్నదాన్ని మనసు ఎక్కువ గుర్తుపెట్టుకుంటుందని 1933లో హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ అనే జర్మన్ మనోవైజ్ఞానికురాలు ప్రయోగాలతో చూపించింది. చుట్టూ ఖాళీ వదలడం అంటే ఒక మాటను విడిగా నిలబెట్టడమే.

ఇక్కడ ఒక చిక్కు వస్తుందని నాకు తెలుసు. ఫ్లెక్స్‌కు చదరపు అడుగు చొప్పున డబ్బు కట్టిన మనిషికి ఖాళీ చోటు దండగలా కనబడుతుంది. "ఇక్కడ ఇంత జాగా ఉందే, ఏదో ఒకటి పెట్టమ్మా" అంటాడు. ఆయనకు డిజైన్ సూత్రాలు చెప్పకండి. గంగమ్మ జాతర రోజుల్లో మన తిరుపతి వీధులు ఎలా ఉంటాయో గుర్తుచేయండి. తాతయ్యగుంట చుట్టుపక్కల స్తంభానికొక ఫ్లెక్స్, గోడకొక ఫ్లెక్స్. అన్నిటి నిండా అక్షరాలు, ముఖాలు, మెరుపులు. వాటి మధ్య నిండుగా ఉన్న ఇంకో ఫ్లెక్స్ కలిసిపోతుంది. సగం ఖాళీగా, మధ్యలో నాలుగు మాటలతో ఉన్నది మాత్రం వీధి చివరి నుంచే కనబడుతుంది. ఆ ఖాళీకి కూడా ఆయన పెట్టిన డబ్బు పనిచేస్తోందని అప్పుడు అర్థమవుతుంది.

ఫొటోల విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్స్‌కూ, నాయకుడికి స్వాగతం పలికే ఫ్లెక్స్‌కూ ముఖాలే అసలు విషయం. ఎవరు ఎవరి పక్కన ఉన్నారో చూపించడానికే అవి కట్టిస్తారు. అక్కడ నాయకుడి ముఖం మొదటి వరుస, శుభాకాంక్షలు రెండో వరుస. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ పనికి అదే సరైన క్రమం. కానీ అదే అచ్చును కంటి శిబిరానికి వాడితే జనానికి నష్టం. మనిషి ముఖం ఎక్కడున్నా చూపును లాగేస్తుంది. పన్నెండు ముఖాలు పైన వరసగా ఉంటే చూపు అక్కడే తిరిగి అలసిపోతుంది. దాతల ఫొటోలు తీసేయమని నేననను, వాళ్ల డబ్బుతోనే శిబిరం నడుస్తోంది. అందరివీ ఒకే సైజులో కత్తిరించి, వెనక ఒకే లేత రంగు వేసి, అడుగున ఒక పట్టీలో పేర్చండి. ఒకే రకంగా, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని మనసు ఒక గుంపుగా చూస్తుంది. జర్మనీలో మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లోనే దీని గురించి రాశాడు. పన్నెండు ముఖాలు అప్పుడు పన్నెండు ముద్దలు కావు, ఒకే ముద్ద. దాతలకు కూడా ఇబ్బంది ఉండదు, ఎవరి ఫొటో చిన్నదైందన్న మాటే రాదు. వీలైతే పక్కకు తిరిగి ఉన్న ఫొటోలో చూపు ఫ్లెక్స్ లోపలి వైపుకు ఉండేలా చూసుకోండి. ముఖం ఎటు చూస్తే మన చూపూ అటే పోతుంది.

ఇక తెలుగు అక్షరాలు. ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే యూట్యూబ్‌లో దొరికే డిజైన్ పాఠాల్లో చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల కోసం చేసినవే. మనకు క్యాపిటల్ లెటర్స్ లేవు. అక్షరాలను పక్కకు వాల్చితే గుండ్రటి రూపం చెడుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే చిట్కా కూడా మనకు పనికిరాదు. ముఖ్యంగా అను ఫాంట్స్ లాంటి పాత పద్ధతి ఫాంట్లలో వత్తులు, కొమ్ములు విడి ముక్కలుగా ఉంటాయి. ఎడం పెంచితే అవి తమ అక్షరం నుంచి జారిపోతాయి. మనకు మిగిలిన సాధనాలు సైజు, మందం, రంగు, చుట్టూ ఖాళీ. ఈ నాలుగూ ఉంటే చాలినంత పని జరుగుతుంది.

మందం కోసం సాఫ్ట్‌వేర్‌లో ఔట్‌లైన్ ఎక్కించి లావు చేయకండి. మన అక్షరాల లోపలి ఖాళీలు చిన్నవి, స్ట్రోక్ ఎక్కగానే పూడుకుపోతాయి. ద–ధ, ప–ఫ, డ–ఢ మధ్య తేడా ఒక చిన్న గీతే. ఆ గీత మూసుకుపోతే దూరం నుంచి మాట మారిపోతుంది. పసుపు అక్షరం, దానికి ఎర్ర అంచు, దాని చుట్టూ తెల్ల అంచు, వెనక నీడ అనే పద్ధతి మన ఫ్లెక్స్‌లలో బాగా పాతుకుపోయింది. ఆ అంచులన్నీ తీసేసి చూడండి, అక్షరం ఎంత తేటగా వస్తుందో మీకే కనబడుతుంది. లావు కావాలంటే లావుగానే గీసిన ఫాంట్ తీసుకోవాలి. శీర్షికలకు రామభద్ర బాగుంటుంది, కింది వాక్యాలకు మండలి. ఒకే కుటుంబంలో సన్నం నుంచి బాగా లావు దాకా కావాలంటే అనేక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు ఉన్నాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక ఫ్లెక్స్‌లో రెండు ఫాంట్లు మించొద్దు.

లైన్ల మధ్య దూరం ఇంగ్లిష్‌కు ఇచ్చినంత ఇస్తే మనకు చాలదు. పై లైను వత్తు కింది లైను గుడిని తగులుతుంది. వాక్యాలున్న చోట అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దాకా వెళ్లినా తప్పులేదు. ఫోన్ నంబర్‌ను ఐదేసి అంకెలుగా విడదీయండి. తెలుగు ఫాంట్లలో అంకెలు కొన్నిసార్లు అక్షరాల పక్కన చిన్నవిగా కనబడతాయి, అప్పుడు వాటి సైజు విడిగా సరిచేసుకోవాలి.

రంగు గురించి ఎక్కువ చెప్పను. ఏ రంగు అందంగా ఉందన్నది పక్కనపెట్టి, అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా ఎంతో చూడండి. స్క్రీన్ మీద లెక్కగడితే పసుపు మీద నలుపుకు ఆ వెలుగు తేడా నిష్పత్తి 19కి పైనే, పసుపు మీద నీలానికి 8, తెలుపు మీద ఎరుపుకు 4. నీలం మీద ఎరుపుకు రెండుకు కొంచెం పైన, అంతే. వెబ్ పేజీలకు పాటించే ప్రమాణం మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటుంది. ఫ్లెక్స్ ఇంకులో ఈ అంకెలు కొంచెం మారినా వరుస మారదు. శుక్లం ఉన్న కళ్లకు ఈ తేడాలు ఇంకా తక్కువగా తెలుస్తాయి, లేత నీలం లాంటివి మరీ మసకబారతాయి. కంటి శిబిరం ఫ్లెక్స్ చదివేదే ఆ కళ్లు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రేణిగుంట స్టేషన్ బోర్డు చూడండి. పసుపు మీద నల్ల అక్షరాలు, ఊరి పేరు పెద్దగా. చాలా స్టేషన్ బోర్డుల మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా రాసి ఉంటుంది, కానీ ఓ పక్కన చిన్నగా. దిగాల్సిన ఊరు వచ్చిందా అని కిటికీలోంచి చూసే ప్రయాణికుడికి ఆ అంకె అడ్డురాదు.

డిజైన్ అయ్యాక గ్రేస్కేల్ మోడ్‌లోకి, అంటే నలుపు, తెలుపు, బూడిద ఛాయల్లోకి మార్చి చూడండి. రంగు పోయినా వరుస నిలబడితే బాగున్నట్టు. ఫొటోషాప్‌లో రంగు తీసేసే డీశాచురేట్ వాడితే మాత్రం మోసపోతారు. అది నిండు ఎరుపునూ నిండు నీలాన్నీ నిండు పసుపునూ ఒకే బూడిద రంగుగా మార్చేస్తుంది. తర్వాత కళ్లు సగం మూసి చూడండి. అక్షరాలు మసకబారి ముద్దలు మిగులుతాయి. మొదట కనబడిన ముద్ద మీరు మొదట అనుకున్నదేనా, రెండోది రెండోదేనా చూసుకోండి.

కస్టమర్‌తో మాట్లాడటం దగ్గరికి వద్దాం. నోటితో వాదిస్తే ఆయన గెలుస్తాడు, డబ్బు ఆయనది. వాదించకండి, చూపించండి. ఆయన చెప్పినట్టు ఒకటి, మీ వరుసలో ఒకటి చేసి రెండూ ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింట్ తీయండి. ఆ కాగితం వెడల్పు మీ ఫ్లెక్స్‌లో ఆరో వంతు, కాబట్టి షాపు గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చూస్తే అసలు ఫ్లెక్స్‌ను అరవై అడుగుల నుంచి చూసినట్టే. మానిటర్ ముందు అడుగున్నర దూరంలో కూర్చుని జూమ్ చేసి చూస్తుంటే ప్రతి లైనూ చిన్నగానే అనిపిస్తుంది. "ఇది కూడా పెద్దది చెయ్యి" అనే మాట సగం అక్కడే పుడుతోంది. అందుకే ఆయన్ని కుర్చీలోంచి లేపి గోడ ఎదురుగా నిలబెట్టండి. బయటి నుంచి ఒక మనిషిని, టీ తెచ్చే అబ్బాయైనా సరే, ఆటో అన్నైనా సరే, పిలిచి ఐదు సెకన్లు చూపించి కాగితం తిప్పేయండి. "ఏమిటన్నా అది? ఎప్పుడు? ఎక్కడ?" అని అడగండి. జవాబు కస్టమర్ చెవిన పడితే చాలు. అప్పుడు కూడా ఆయన తన మాటే కావాలంటే అలాగే చేసివ్వండి. మీ పని మీరు చేశారు, ఓనర్‌కు కూడా ఆ రెండు ప్రింట్లు చూపించి ఉంచండి.

ఆయన ఇంకో లైను పెంచమన్నప్పుడు "సరే సార్, దీన్ని పెంచుతాను, బదులుగా దేన్ని తగ్గించమంటారు?" అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న వినగానే చాలామంది ఆగి ఆలోచిస్తారు. నిజంగా ఏది ముఖ్యమో అప్పుడు వాళ్లే చెప్తారు. ఓనర్‌తో మాట్లాడి ఆర్డర్ రాసుకునే పుస్తకంలో ఎవరు చదువుతారు, ఎంత దూరం నుంచి, చదివి ఏం చేయాలి అన్న మూడు గడులు పెట్టించగలిగితే మీ పని సగం తేలికవుతుంది.

మూడు భాషల బోర్డుల్లో గందరగోళం రావడానికి కారణం, ప్రతి లైనునూ మూడుసార్లు రాయడం. "రుచికరమైన శాకాహార భోజనం, టిఫిన్లు, ఏసీ హాలు, పార్కింగ్ సౌకర్యం" అని మూడు భాషల్లో రాస్తే పన్నెండు సంగతులవుతాయి. మొదటి వరుసను మాత్రమే మూడు భాషల్లో పెట్టండి, పేరు, భోజనం లేదా గదులు అన్న మాట. మిగతాది చాలావరకు అంకెలు, బాణం గుర్తు, చిన్న బొమ్మలు చెప్పేస్తాయి. ధర, సమయం, ఫోన్ నంబర్ ఏ భాషవాడికైనా ఒకటే. భాషల క్రమం ఒకసారి నిర్ణయించుకుని బోర్డంతా అదే పాటించండి. పైన తెలుగు, మధ్యలో తమిళం, కింద ఇంగ్లిష్ అనుకుంటే ప్రతిచోటా అలాగే ఉండాలి. తమిళ ప్రయాణికుడు ఒకసారి తన భాష ఎక్కడుందో పట్టుకుంటే తర్వాత నేరుగా అక్కడికే చూస్తాడు. మూడింటికీ ఒకే పాయింట్ సైజు ఇచ్చి వదిలేయకండి. తెలుగు వత్తులతో కిందికి దిగుతుంది, తమిళం మాటలు బారుగా సాగుతాయి, ఇంగ్లిష్ క్యాపిటల్స్ నిండుగా కనబడతాయి. ఒకే పాయింట్ సైజులో మూడూ ఒకే ఎత్తుగా కనబడవు, కంటితో చూసి సరిచేయాలి. భాషకొక రంగు వేయడం వద్దు. రంగును ధరకో, బాణానికో దాచుకోండి.

చివరగా కోర్సు. మీరు అడిగిన విషయాల కోసం ఇప్పుడే హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఒక సెలవు రోజు శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ వేసేవాళ్ల దగ్గర పాత పద్ధతి తెర ఒకటి నిదానంగా చూడండి. మధ్యలో పెద్ద చట్రంలో దేవుడో, కథలోని ప్రధాన ఘట్టమో ఉంటుంది. చుట్టూ వరసలు వరసలుగా చిన్న గడుల్లో మిగతా కథ. ఆ గడుల దగ్గర సన్నటి తెలుగు అక్షరాల్లో వివరణ. వీధి అవతలి నుంచి చూసేవాడికి మధ్య బొమ్మ, నాలుగడుగుల దూరానికి వచ్చినవాడికి గడుల్లో కథ, ముక్కు ఆనించి చూసేవాడికి అక్షరాలు. మూడు దూరాలకు మూడు వరుసలు. ఒక గుడ్డ మీద వందల బొమ్మలున్నా కన్ను తప్పిపోదు. రంగులు కూడా గమనించండి. బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన నల్లటి కషాయంతో గీసిన గీతలు అన్నిటినీ పట్టి ఉంచుతాయి. ఎరుపు, పసుపు, నీలం కొన్నే, అవీ మళ్లీ మళ్లీ వస్తాయి. ఫోన్‌తో ఫొటో తీసుకుని షాపులో గ్రేస్కేల్‌లో పెట్టి చూడండి, అది కూడా పాఠమే.

ఇంకో సాధన. మీరు చేసిన పాత ఫ్లెక్స్ ఒకటి తీసుకుని ఒకే ఫాంట్, ఒకే నలుపు, మూడు సైజులతో మళ్లీ చేయండి. ఫొటోలు, అంచులు, నీడలు ఏవీ వద్దు. వరుస దీనిలోనే నిలబడిందంటే, తర్వాత రంగు వేసినప్పుడు అది వరుసకు బలమవుతుంది. వారానికొకటి చేసినా కొన్ని నెలల్లో చెయ్యి మారుతుంది.

ఆ తర్వాత కూడా కోర్సు చేయాలనిపిస్తే చేయండి, టైపోగ్రఫీ, ప్యాకేజింగ్ లాంటివి ఒకరి దగ్గర నేర్చుకుంటే త్వరగా వస్తాయి. చేరేముందు సిలబస్ అడిగి తెలుసుకోండి. తెలుగు అక్షరాలతో ఎన్ని అసైన్‌మెంట్లు చేయిస్తారో అడగండి. ఒక్కటీ లేదంటే ఆ ఫీజుతో మంచి మానిటర్ కొనుక్కోవడం మేలు.